ఎవరి బారి

“గీ రూము నాకిస్తవా, ఇయ్యవా?” అంది సోనీ, మేడ మీది గది గుమ్మంలో నిలబడి.

ప్రేమ్‌రాజ్ మైకు ఆపాడు. నలభై ఒకటో ఎపిసోడ్ సగంలో ఉంది.

“ఇది రూము గాదు, స్టుడియో. మూడొందల మంది నా మాట ఇంటరు.”

“మూడొందల మందిల ఒక్కడన్న బియ్యం తెచ్చిండా?”

ప్రేమ్‌రాజ్ తలుపు వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ఆగిపోయాయి.

ప్రేమ్‌రాజ్ పగలు కంచన్‌బాగ్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. సాయంత్రం ఆరయ్యేసరికి శాలిబండలో సేనాధిపతి అవుతాడు. ‘ఏడు కోటలు’ అనే ఫోన్ గేమ్ మీద పాడ్‌కాస్ట్ నడుపుతాడు. ఆ ఆటలో తొందర పనికిరాదు. ఒకరు ఎత్తు వేశాక, రెండోవాళ్లు ఆలోచించుకుని తమ ఎత్తు వేసేదాకా ఆగాల్సిందే. అందుకే పాడ్‌కాస్ట్‌కు ‘ఎవరి బారి’ అని పేరు పెట్టాడు. బారి అంటే పాతబస్తీలో వంతు. పుస్తకాల తెలుగులో పులి బారిన పడటం లాంటివి ఉన్నాయి కానీ, ప్రేమ్‌రాజ్ అంతదూరం చదవలేదు.

సోనీది మగ్గం వర్క్. జాకెట్లకు జరీ, పూసలు కుట్టే ఆ చెక్క చట్రం హాలంతా పరుచుకుంది. అది వచ్చిన రోజే అత్తగారు కాశమ్మ మంచం బాత్రూం పక్కకు జరిగింది. కాశమ్మ కొడుకు పాత ఫోన్‌లో కీర్తనలు వినడానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. ఫోన్ పట్టుకుని తనలో తను గొణుక్కుంటుంది. ప్రార్థన కదా అని ఎవరూ కదిలించరు.

ఆ వారమే పాడ్‌కాస్ట్ గ్రూపులో కొత్త శ్రోత ఒకరు మెసేజ్ పెట్టారు. పేరు ‘పాతకోట’. ఎక్కడా కామా లేదు, చుక్క లేదు.

“అన్నా నా కోట పోయింది నాకు సైన్యం లేదు గుట్ట మీద ఉన్నోడు ఎంతకూ దిగుతలేడు ఏం చెయ్యాలె ఇగ నీ బారి”

ప్రేమ్‌రాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. మూడొందల మందిలో ఇంత మర్యాదగా అడిగినవాళ్లు లేరు.

“సైన్యం లేనోళ్లు కొట్లాడొద్దు,” అన్నాడు మైకులో. “ముందుగాల గుట్ట మీదికి పొయ్యే తిండి బంద్ చెయ్యాలె. అడిగితె కోపం చూపెట్టొద్దు. కష్టం చెప్పాలె.”

మర్నాడు పైకి చాయ్ రాలేదు. సోనీ కాచిన చాయ్‌ని రోజూ తెచ్చిచ్చే కాశమ్మ మెట్ల దగ్గరే కూలబడింది.

“మోకాళ్లు, బిడ్డా.”

ప్రేమ్‌రాజ్‌కు జాలేసింది. మందుల షాపుకెళ్లి నొప్పుల ఆయింట్‌మెంట్ తెచ్చిచ్చాడు.

“తిండి బంద్ పెట్టిన అన్నా ఇంక దిగలే ఇగ నీ బారి” అని వచ్చింది తరువాతి వారం. ఆ చివరి మాట లేకుండా పాతకోట మెసేజ్ ముగిసేది కాదు. శ్రోతలందరికీ అది ఊతపదమైపోయింది.

“ఈ ఆటల సన్యాసులను కొట్టరాదు,” అని గుర్తుచేశాడు ప్రేమ్‌రాజ్. “వాళ్లను గుట్ట మీదికి తోలు. కొట్టలేడు, పొమ్మనలేడు. ఆగమైతడు.”

సోమవారం కాశమ్మ వెళ్లే చర్చి నుంచి ఆడవాళ్లు పద్నాలుగు మంది ప్రార్థన కూటానికి వచ్చారు. కింద మగ్గం అడ్డం. సోనీ సూది ఆపకుండానే వాళ్లకు మేడ మెట్లు చూపించింది. కాశమ్మ కూడా వాళ్ల వెంట ఎక్కింది. దేవుడి పనికి మోకాళ్లు నొయ్యవట. స్టుడియో గోడకు ఆనుకుని, సరిగ్గా ఆరింటికి, కంజీర మోగింది. మంగళవారమూ మోగింది. శనివారం దాకా మోగింది.

“అన్నా, స్తోత్రం నడుమ యుద్ధం ఇనబడ్తలేదు,” అని రాశాడు సంతోష్‌నగర్ నుంచి నగేష్ అనే పాత శ్రోత.

ప్రార్థన ఆపమనే ధైర్యం ప్రేమ్‌రాజ్‌కు లేదు. అయినా గురువు గురువే. దుప్పటి ముసుగేసుకుని మూడో పాఠం చెప్పాడు.

“పాతకోటా, దిగనీకి ఒక్క తొవ్వ ఇడువు. ఆ తొవ్వ నువ్వే సాఫ్ చేసి పెట్టు. తనంతల తనే దిగిన అని వాడు అనుకోవాలె.”

పాఠం ముగించి కిందికొస్తుంటే మెట్ల కింద అర కనిపించింది. పాత ట్రంకు పెట్టె లేదు, ఖాళీ సిలిండర్ లేదు. నేల తుడిచి ఉంది. తలుపేస్తే చప్పుడు చొరబడదు. ఇన్నాళ్లూ తనకు ఎందుకు తట్టలేదా అనుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

“మీది రూము నువ్వు తీస్కో,” అన్నాడు సోనీతో. “నేను మెట్ల కింద సర్దుకుంట.”

సోనీ సూది పక్కన పెట్టింది. మూడు వారాల తరువాత మొదటిసారి అతని ముఖంలోకి చూసి నవ్వింది. ప్రేమ్‌రాజ్‌కు నిజంగానే సంతోషమైంది. ఇవ్వడంలో ఇంత సుఖముందని ఏ ఆటా అతనికి చెప్పలేదు.

ఆదివారం మగ్గం మేడెక్కింది. సోమవారం మెట్ల కింద నుంచి నలభై నాలుగో ఎపిసోడ్ మొదలైంది. కంజీర వినిపించలేదు. మధ్యలో ఫోన్ టింగుమంది.

“అన్నా గుట్ట మీదోడు దిగిండు నా కోట నాకొచ్చింది”

గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. నగేష్ అయితే మిఠాయి బొమ్మ కూడా పెట్టాడు. ప్రేమ్‌రాజ్ కళ్లు చెమర్చాయి. ఈ ముచ్చట ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నిలవలేడు. వంగి అరలోంచి బయటికొచ్చాడు.

హాల్లో కాశమ్మ ఒక్కతే ఉంది. మంచం నట్టనడుమ, ఫ్యాన్ కింద, టీవీకి ఎదురుగా వేసుకుంది.

“అమ్మా, నా మాట ఇని ఒకాయన కోట గెలిచిండే,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

కాశమ్మ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, “ఇగ నీ బారి, అన్నా,” అంది.