పాత యజమాని మాట

“మీరు పనిచేసిన కంపెనీ మీద మీరే ఫిర్యాదు రాసేరంట. నిజమేనాండీ?”

అడిగాడు నాగసతీష్. ఎదురుగా కూర్చున్న ఏంజెల్ నెమ్మదిగా తలెత్తింది.

“నిజమేనండి,” అంది.

సత్యనారాయణమూర్తి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మలికిపురంలోని ఆ కొబ్బరి పాలపొడి కంపెనీకి ఆయన ఛైర్మన్. కొడుకు సతీష్ డైరెక్టరు. ఆరు నెలల్లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వెళ్ళాలి. చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్ లేకుండా ఆ పని జరగదు. ఏడాదిలో ఇద్దరొచ్చారు, ఇద్దరూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. పొద్దుటినుంచీ ఇంటర్వ్యూకి వచ్చిన నలుగురిలో ఈవిడొక్కతే ఆయనకు నచ్చింది. తీరా ఇప్పుడు ఇది బయటపడింది.

“ఏమని రాసేరమ్మా?” అన్నాడు.

“కాకినాడ దగ్గర రొయ్యల కంపెనీ అండి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు నాలుగొందల మంది ఉండేవారు. నెలనెలా వాళ్ళ జీతాల్లోంచి పీఎఫ్ కోసేరు గానీ, పద్నాలుగు నెలలు పీఎఫ్ ఆఫీసుకి కట్టలేదు. యజమానికి మూడుసార్లు చెప్పేను. వినలేదు. అప్పుడు పీఎఫ్ ఆఫీసుకి ఉత్తరం రాసేను.”

“తర్వాత?”

“బకాయిలూ జరిమానా కట్టడానికి ఆయన కంపెనీ అమ్మేసుకున్నారండి.”

సతీష్ కుర్చీలో వెనక్కి వాలాడు. “విన్నారా నాన్నగారూ? ఉద్యోగమిచ్చిన మనిషిని రోడ్డు మీద నిలబెట్టేరు. ఈవిణ్ణి మనం తెచ్చి పెట్టుకుంటామా?”

సత్యనారాయణమూర్తి ముందుకు వంగాడు. “రేపు నేను తప్పు చేసినా అంతేనామ్మా?”

“మీక్కూడా మూడుసార్లు చెప్తానండి.”

ఆ గొంతులో బెదిరింపు లేదు. ఆయనకు భయం వేసింది అందుకే.

“మొదటిది ఇప్పుడే చెప్పేయనాండీ?” అంటూ ఏంజెల్ ఒక కాగితం ముందుకు జరిపింది. “మీరు పంపిన లెక్కల్లో జనరేటర్ డీజిలు ఖర్చు ఏడాదిలో రెండింతలైంది. ఫ్యాక్టరీలో తయారైన సరుకు మాత్రం బస్తా కూడా పెరగలేదు. ఆ డీజిలు ఎటు వెళ్తున్నట్టండీ?”

సతీష్ మొహం కందగడ్డలా అయింది. అంతర్వేది వైపు అతనికి సొంత రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా అక్కడ నీళ్ళు చిలికే యంత్రాలు తిరిగేది కంపెనీ డీజిలు మీదే. ఆ సంగతి తండ్రికి తెలుసు. తెలిసీ ఏడాదిగా నోరెత్తలేదు. కొడుకుని అడగలేని ఆ ప్రశ్న పరాయి మనిషి బల్ల మీద పెట్టేసరికి ఆయనకు ఎటు చూడాలో తోచలేదు.

“ఆ పాత యజమానికే ఫోన్ చేద్దాం నాన్నగారూ,” అన్నాడు సతీష్ పళ్ళు బిగబట్టి. “నంబరు సంపాదించేను. ఈవిడెలాంటి మనిషో ఆయన నోటితోనే విందురు గాని.”

ఏంజెల్ మొహంలో మొదటిసారి కంగారు కనపడింది. “ఫోన్ చేసేముందు నేనొక్క మాట చెప్పాలండీ...”

“అయ్యాక చెబుదురు గాని.” అతను అప్పటికే నంబరు నొక్కి, ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మధ్యలో ఉంచాడు.

“స్టీఫెన్ గారాండీ? మలికిపురం నించి మాట్లాడుతున్నాం. ఏంజెల్ గారని, మీ కంపెనీలో చేసినావిడ మా దగ్గర ఉద్యోగానికి వచ్చేరు. ఆవిడ గురించి మీ అభిప్రాయం చెప్తారని.”

ఏంజెల్ తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటోంది.

“ఆవిడ వల్లే నా కంపెనీ పోయిందని అందరూ అంటారండి,” అంది అవతలి మగగొంతు.

“ఆయ్. మేమూ అదే విన్నామండి,” అన్నాడు సతీష్ ఉత్సాహంగా.

“తప్పండి. పోయింది నా వల్ల. ఆవిడ రాసిన ఉత్తరంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆరు నెలలపాటు ఆవిడ మొహం చూళ్ళేదండి నేను. అంత కోపం. ఓ రోజు ఆసుపత్రి దగ్గర మంగాయమ్మ కనపడింది, మా దగ్గర రొయ్యలొలిచిన మనిషే. ‘పీఎఫ్ డబ్బొచ్చింది బాబుగారూ, మా ఆయనకి గుండె ఆపరేషన్ చేయించుకున్నాం’ అని నాకు దణ్ణం పెట్టిందండి. ఆ డబ్బు ఎగ్గొట్టాలని చూసిన నాకు!” “ఆవిణ్ణి వదులుకోకండి. నేను ఆవిడ మాట వినుంటే ఇవాళ నా కంపెనీ ఉండేది.”

ఫోన్ ఆగిపోయింది. సతీష్ దాన్ని తీసి జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

సత్యనారాయణమూర్తి కొడుకు వైపు తిరిగాడు. “చెరువుల డీజిలు రేపట్నించి నీ సొంత డబ్బుతో కొట్టించుకో. ఇప్పటిదాకా వాడిందీ కట్టెయ్.”

“నాన్నగారూ!”

“రెండోసారి చెప్పించకు.”

నియామకం కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశాడు. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది. నవ్వుతూ ఆ కాగితం ఏంజెల్ ముందుకు తోశాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

“ఆ ఫోన్ విని ఇస్తున్నట్టయితే నాకొద్దండి. నేను రాసిన ఉత్తరం, పీఎఫ్ ఆఫీసు ఇచ్చిన ఆర్డరు ఈ ఫైల్లో ఉన్నాయి. అవి చదివి ఇవ్వండి. ఆయన మాట మాత్రం లెక్కలోకి తీసుకోకండి.”

“అదేంటమ్మా? పగవాడే అంతలా మెచ్చుకున్నాక ఇంక చదివేదేముంది?”

“ఇప్పుడు పగవాడు కాదండి.” ఏంజెల్ కిటికీలోంచి కిందికి చూపించింది. “అదిగో, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి గేటు దగ్గర బండి మీద కూర్చున్నారు. మా ఆయన.”