స్టాండు నాలుగో కాలు

చీకటి పడింది. ఆదోని బైపాసు పక్కన తన వెల్డింగు షాపులో ప్రేమ్ కుమార్ ఒంటరిగా గ్రైండరుకు స్టాండు చేస్తున్నాడు. కంప్యూటర్లో గీసుకున్న బొమ్మ ప్రకారం మూడు కాళ్లు అతికాయి. నాలుగో కాలు ఏటవాలు పైపు, ఒక్క చేత్తో నిలవడం లేదు.

మాస్కు దించుకున్నాడు. నల్లద్దంలో ఏమీ కనబడదు. వెనక షట్టరు చప్పుడైంది. ఎమ్మిగనూరు పోయిన భార్య వచ్చిందనుకున్నాడు.

“పుష్పా, ఆ కొస పట్టుకో. రవ్వంత ఎడమకు జరుపు.”

అతని చేతిలో పైపు ఎడమకు జరిగి నిలిచింది. అతుకు వేయబోతుంటే చెవిలో ఇయర్‌ఫోను మోగింది.

“బస్సే రాలేదు. ఇంగా ఎమ్మిగనూరులోనే ఉండాను. నువ్వు తిని పండుకో,” అంది పుష్ప.

మాస్కు ఎత్తడానికి అతనికి ధైర్యం చాలలేదు. మెల్లగా పైపు వదిలేశాడు.

అది కింద పడలేదు.