ఎర్రజెండా, పచ్చజెండా

"ముందే చెబుతున్నా," అంది ఇంటి ఓనరమ్మ, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని. "మాటకీ మాటకీ పొంతన కుదరకపోతే ఇల్లివ్వను. ఇదివరకొకళ్ళు ఇద్దరమే ఉంటామని చెప్పి ఆరుగురు దిగారు. అప్పట్నుంచి నేనెవర్నీ నమ్మను."

అతను తలూపాడు. ఈ వారంలో ఎక్కని మెట్టు లేదు, వినని సాకు లేదు. చీకటి పడేలోగా ఈ తాళం చేతికి రాకపోతే, కింద మెట్ల పక్కన పెట్టిన రెండు పెట్టెలకీ, వాటి తాలూకు మనుషులకీ రోడ్డే గతి.

ఈవిణ్ణి వీధిలో లాయరమ్మ అంటారని బ్రోకరు ముందే హెచ్చరించాడు. లా చదివి కాదు, అడిగే తీరును బట్టి.

"అమ్మాయ్, నువ్వెళ్ళి పక్క వాటా చూసిరా, తలుపు తీసే ఉంది. అబ్బాయ్, నువ్విలా కూర్చో."

ఆమె వెళ్ళింది. రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెది. 'సూది వైపు చూడకండి, ఇట్టే అయిపోతుంది' అని రోజూ ఎందరికో చెబుతుంది. ఇందాక మెట్లెక్కేటప్పుడు అతనికీ అదే చెప్పింది.

కళ్ళద్దాల షాపులో ఉద్యోగం, జీతం, సొంతూరు, అన్నీ గడగడా అప్పజెప్పాడు. ఇలాంటివన్నీ దారిలో అనుకునే వచ్చారు.

"టీవీ గట్టిగా పెడతారా? మీ గోడకి ఆనుకునే నా మంచం."

"లేదండీ. చిన్నగానే."

"ఇంతకీ ఏం చూస్తారు? ఈమధ్య ఇద్దరూ కలిసి చూసిందేమిటి?"

ఇది అనుకోలేదు.

ఎదురుగా టీవీలో చడీచప్పుడూ లేకుండా ఎవరో ఎవర్నో మెట్ల మీంచి తోసేస్తున్నారు.

"సినిమా," అన్నాడు. "రైల్వే గేటు దగ్గర పనిచేసే ముసలాయన కథ. చాలా బాగుందండీ. చివర్లో ఆఖరి రైలుకి పచ్చజెండా ఊపుతాడు చూడండీ, ఇద్దరం ఏడ్చేశాం."

"ఇద్దరూనా?"

జారిన మాటని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. "ఇద్దరమూనండీ."

"సరే. ఇక నోరు మెదపకు. టీవీ వైపే చూస్తుండు. అమ్మాయ్!"

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూసే వీల్లేదు.

"రెండో గదికి లోపల గడియ లేదండీ," అంటూ వచ్చింది ఆమె. "పెట్టించుకోవచ్చా?"

"పిల్లలు పుట్టి పెద్దయ్యాక చూద్దాంలే. ముందిది చెప్పు. ఈమధ్య మీ ఆయనా నువ్వూ కలిసి చూసిందేమిటి?"

అతని గోళ్ళు అరచేతుల్లో దిగాయి. ఆమె ఏ సినిమా పేరు చెప్పినా మునిగినట్టే.

"కలిసి చూడ్డమా! ఈయనతోనా!" అంది ఆమె. "టికెట్ చింపినవాడు వెనక్కి తిరిగేలోపే గురక. లేచాక పక్కవాళ్ళనడిగి, అంతా తనే చూసినట్టు చెబుతారు. మీకేం కోతలు కోశారో గానీ, సగానికి సగం తీసెయ్యండి."

"గేటు ముసలాయన సినిమాకి ఏడ్చామన్నాడే?"

"ఏడుపా అది? ఆవలిస్తే వచ్చిన నీళ్ళు!"

అతనిక ఆగలేకపోయాడు. "అదేం కాదు! ఆఖరి రైలుకి ఆయన పచ్చజెండా ఊపినప్పుడు..."

"పచ్చజెండానా? ఎర్రజెండా! చూశారా అండీ, అప్పటికీ నిద్రే."

"పచ్చదే!"

"ఎర్రదే!"

గుత్తి గలగలమంది. లాయరమ్మ లేచి నిలబడింది. అంతా అయిపోయిందనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఆవిడ భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుతోంది.

"మా ఆయనా ఇంతే," అంది కళ్ళొత్తుకుంటూ. "హాల్లో నిద్రపోయి, ఇంటికొచ్చి కథ నాకే చెప్పేవాడు. ఆయన పోయాక గురకా లేదు, నాకు నిద్రా లేదు."

గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి అతని చేతిలో పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు కూడా అందించింది.

"ఇద్దరూ చిలకపలుకుల్లా ఒకటే చెప్పుంటే పంపించేసేదాన్ని. జెండా రంగు కోసం ఇంతలా కొట్టుకునేది మొగుడూ పెళ్ళాలే. ఆ గడియేదో పెట్టించుకోండి, ఖర్చు నాది."

పెట్టెలు తెచ్చుకోవడానికి మెట్లు దిగారు. సగంలో ఆమె ఆగింది.

పొద్దున బ్రోకరు ఆఫీసులో, 'ఒంటరివాళ్ళకి ఇళ్ళు లేవు' అన్న బోర్డు కింద, ఒకే బెంచీ మీద అతనికి మొదటిసారి పరిచయమైన ఆమె, పైకోసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "నేనా సినిమా చూళ్ళేదు గానీ, ఇంతకీ ఏ జెండా అండీ అది?"