కారణం గడి

చిన్నోడా, నీకిష్టమని తలకాయ కూర వండి పెట్టాను. ఎండెక్కినా ముట్టలేదు. నా మీద కోపమా?

మన ఊరి పక్కనున్న ఎయిర్‌పోర్టు సాఫ్ట్‌వేర్ కోసం నువ్వు గడులు గీసేవాడివి. తీసుకున్న నిర్ణయానికొకటి, వద్దనుకున్న దారికొకటి, కారణానికొకటి.

"గిన్ని ఎందుకురా?" అంటే నవ్వేవాడివి. "కారణం గడి ఖాళీగుంటే కంప్యూటరే ఒప్పుకోదే అమ్మా. ఎనకొచ్చేటోళ్లు తిడ్తరు."

నేనూ ఒక నిర్ణయం తీసుకున్నాను. నువ్వు ఇక లేవవని డాక్టరు చెప్పాక, ఊపిరి మిషన్ తీసేయమని సంతకం పెట్టాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

"ఇమానాల మోతకు గాదు వదినా, పిలగాడు అలిగిండు. గందుకే కాకి ముడ్తలేదు. ఏదన్న చెప్పుకో," అంటోంది మీ అనంతమ్మత్త.

విను బిడ్డా. సూది గుచ్చినప్పుడల్లా నీ కంట్లోంచి నీళ్లు కారేవి. చూడలేకపోయాను.

కాకి ఇంకా గోడ మీదే ఉంది. ఇగ కడుపునిండా తిను.