కిక్కురుమంటే చాలు

మరిది షట్టర్ కిందికి లాగేసి, మూలనున్న ఇనుప రాడ్డు అందుకున్నాడు.

"నా పెళ్లాం ఆ గదిలో ఉంది. తలుపు తియ్యి వదినా."

అక్క పలకలేదు. తన తాళాల వర్క్‌షాప్‌లో, వెనక గది తలుపుకు అడ్డంగా నిలబడింది. మెడ మీద వాడి వేళ్ల గుర్తులతో పారిపోయి వచ్చిన చెల్లెలు ఆ గదిలోనే ఉంది. ఈసారి దొరికితే చంపేస్తానన్నాడు. వాడు ఉత్తుత్తి మాటలనే మనిషి కాదు.

"చెవుడు దానికి కదా. నీకెప్పుడొచ్చింది?"

చెల్లెలికి పుట్టు చెవుడు, మాటా రాదు. అక్క నోరు మూసుకోవడానికి కారణం వేరు. ఆ తలుపు తాళం ఆమె గొంతు వింటే తెరుచుకుంటుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల కోసం తను తయారు చేస్తున్న కొత్త తాళం అది. పరీక్షకని తన గొంతే ఎక్కించింది. మాటే అక్కర్లేదు, "ఆ" అన్నా, "ఊ" అన్నా, మూలిగినా చాలు. భయంతో వణికే గొంతుకు తెరుచుకోకుండా చేద్దామని వ్యాపార భాగస్వామి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "జబ్బుమనిషి గొంతు కూడా వణుకుతుందయ్యా, ఆయన్ని బయటే నిలబెడతామా?" అని వాదించి ఈవిడే గెలిచింది. ఇప్పుడా గెలుపు పీకల మీదికొచ్చింది.

వాడు ఆమె జుట్టు పట్టి తలుపు దగ్గరికి ఈడ్చాడు. బొటనవేలు తాళం మీద అదిమాడు. తాళం ఉలకలేదు. మొహం తీసుకెళ్లి కెమెరాకు ఆనించాడు. పలకలేదు.

"నీ వేలికీ తెరుచుకోదు, నీ మొహానికీ తెరుచుకోదు. మరి దేనికి తెరుచుకుంటుందే?"

రాడ్డు భుజం మీద పడింది. ఎముక విరిగింది. గొంతు దాకా వచ్చిన కేకను ఆమె మింగేసింది. మళ్లీ రాకుండా, బల్ల మీది నూనెగుడ్డ లాగి నోట్లో కుక్కుకుంది.

వాడు బిత్తరపోయాడు. తర్వాత నవ్వాడు.

"నోట్లో గుడ్డలు కుక్కే పని నాది కదా. అదీ నువ్వే చేసుకుంటే ఇక నేనెందుకిక్కడ?"

గోడకు అవతల వడ్రంగుల షాపు. రంపాల చప్పుడు, వాళ్ల నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. తాళాల షాపులో ఇనుము మోగితే వాళ్లు తలెత్తి కూడా చూడరు. ఆడమనిషి కేక వినబడితే మాత్రం చేతిలో పనిముట్లతోనే వచ్చిపడతారు. అయితే ఏం లాభం? వాళ్లు షట్టర్ ఎత్తేలోపు గది తలుపు తెరుచుకుంటుంది, వాడు లోపలుంటాడు. చెల్లెలిది పిడికిట్లో పట్టేంత మెడ.

గదిలోని కెమెరా తెర మీద చెల్లెలికి ఇదంతా కనబడుతోంది. తాళాలు పరీక్షించేది ఆ పిల్లే కనుక ఆ తెరా, దాని మీటలూ దానికి కొట్టిన పిండి. చూడలేక తనే తలుపు తీసేస్తుందేమోనని అక్కకు దడ పుట్టింది. బాగున్న చేతిని వీపు వెనక్కి పెట్టి, కెమెరాకు సైగ చేసింది. తియ్యకు.

వాడు ఆ చెయ్యే దొరకబుచ్చుకున్నాడు. బల్లకున్న ఇనుప వైస్ దవడల మధ్య వేళ్లు ఇరికించి పిడి తిప్పాడు. నోట్లో గుడ్డ లాగి పారేశాడు.

"బెల్లం కొట్టిన రాయిలా ఉంటే వదిలేస్తాననుకున్నావా? నంబర్ చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు, నీ వేళ్లు నీకుంటాయి."

ఒక్క మాట కూడా అక్కర్లేదని వాడికి తెలియదు.

చూపుడువేలు చితికింది. ఆమె నాలుక కొరుక్కుంది. గడ్డం మీదుగా నెత్తురు కారింది గానీ చప్పుడు రాలేదు. వాడు మరో చుట్టు తిప్పాడు. ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. స్పృహ తప్పితే తెలియకుండానే మూలుగుతానేమోనన్న భయం నొప్పిని మించిపోయింది.

వాడికి పిచ్చెక్కింది. రాడ్డెత్తి తాళాన్నే బాదాడు.

"దయచేసి మెల్లగా తట్టండి" అంది తాళం, మర్యాదగా.

వాడు ఆమె వైపు తిరిగి డొక్కలో పొడిచాడు. మళ్లీ పొడవబోతుంటే షట్టర్ పైకి లేచింది. చెల్లెలు ఫోన్లో పెట్టిన మెసేజ్‌కు పోలీసులు వచ్చారు. వాణ్ని నేలకేసి అదిమి, రాడ్డు ఊడబెరికి, బేడీలు వేసి జీపెక్కించారు. ఒక కానిస్టేబుల్ వైస్ వదులు చేసి ఆమె చెయ్యి బయటికి తీశాడు.

అప్పుడు అరిచింది అక్క. ఇంతసేపూ మింగిందంతా కలిసి ఒకే కేక. ఆ కేకకు వడ్రంగులు ఉలులతో, సుత్తులతో పరుగెత్తుకొచ్చారు.

"ఇదేంటమ్మా?" అన్నాడు పెద్ద వడ్రంగి. "గోడ పక్కనే ఉన్నాం కదా. ఒక్క పిలుపు పిలిస్తే రామా?"

అక్క అతని మాట వినలేదు. తలుపు వైపే చూస్తోంది. అంత కేకకూ అది కదల్లేదు. తాళం చెడిందా? దెబ్బలకు తన గొంతే మారిందా? మళ్లీ అరిచింది. కదల్లేదు.

చివరికి తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. చెల్లెలు వచ్చి, చితికిన ఆ వేళ్ల వంక చూసి, ఏడుస్తూ, కోపంతో ఊగిపోతూ చేతులు ఆడించింది. పోలీసులకూ వడ్రంగులకూ ఆ సైగలు అర్థం కాలేదు, అక్కకు అర్థమయ్యాయి.

"మొదటి దెబ్బకే నీ గొంతు తాళంలోంచి తీసేశాను, నువ్వు అరిస్తే పక్కవాళ్లొస్తారని. ఎందుకు అరవలేదక్కా?"