ఆమేన్ అన్న గొంతు

“అయ్యగారూ, స్వరూప మాట్లాడింది.”

చర్చి మెట్లు ఎక్కి వచ్చిన ఆయాసంలో వెస్లీ ఆ ఒక్క మాటే అనగలిగాడు. ఒక చెప్పు మెట్ల మీదే జారిపోయింది. అతను చూసుకోలేదు.

ఆదివారం ఆరాధనకు ఇంకా టైముంది. మైకు వైరు సరిచేస్తున్న పాస్టరు డానియేలు అలాగే ఆగిపోయాడు. చాపలు పరుస్తున్న కళావతి చేతిలోది వదిలేసి వచ్చింది.

“ఏమన్నది?”

“ఆమేన్ అన్నది.”

“స్తోత్రం,” అంటూ కళావతి కొంగు తల మీదికి లాక్కుంది. “మన ఉపవాసాలు వట్టిగ పోతయా? మొన్న శుక్రవారం ప్రార్థనల నూనె రాసినప్పుడే ఆమె గొంతు కదిలింది. నేను చూసిన.”

అయ్యగారు తొందరపడలేదు. “కూసో వెస్లీ. మొదటి నుంచి చెప్పు.”

వెస్లీ కూర్చోలేదు. కూర్చుంటే ఆ శబ్దం చెవిలోంచి జారిపోతుందేమోనని అతని భయం.

అతని భార్యకు ఈస్టరు మరునాటి నుంచి నోట మాట లేదు. గొంతు డాక్టరు లోపల గొట్టం వేసి చూసి ఏ లోపమూ లేదన్నాడు. మనసు డాక్టరు ఏదో షాక్ అని మాత్రలు రాశాడు. ఒకసారి కుక్కరు ఆవిరి చెయ్యంతా కాల్చేసినప్పుడు కూడా ఆమె పెదవులు బిగించిందే తప్ప చిన్న మూలుగైనా రాలేదు. జబ్బు ఎంత లోతుకు దిగిందో వెస్లీకి ఆ రోజు తెలిసింది. గిన్నె పెట్టే చప్పుడును బట్టి ఆమెది కోపమో, అలసటో పోల్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. చర్చికి రమ్మని ఆమె పోరినన్నాళ్లూ విసుక్కున్నవాడు, ఇప్పుడు ఆ పోరు కోసమే మొహం వాచిపోయాడు.

“రేపు ఆమెను దవాఖానల షరీక్ చేసి పండబెట్టమన్నరు గదా,” అన్నాడు వెస్లీ. “పొద్దుగాల ఆమె బట్టలు సర్దుతున్న. నా దిక్కే చూస్తున్నది. నాకు చేతులు ఆడలే. నాయిన పోయినంక నేను ప్రార్థన అన్నదే చెయ్యలే, మీకెరుకే. ఎవడు ఇంటడని నా లోపల. ఇయ్యాల ఏమైందో, బ్యాగు పక్కన్నే మోకాళ్ల మీద కూలబడిన. ఏం చెప్పాల్నో తెల్వలే. ‘నువ్వు నాకు కనబడవు, ఆమెనైతే నాకియ్యి’ అన్న. గంతే. ఎన్కనుంచి ఆమేన్ అని ఇనొచ్చింది.”

“తిరిగి చూసినవా?”

“చూసిన. ఏడుస్తున్నది. ఆగలేక ఉరికొచ్చిన.”

అయ్యగారు కిటికీలోంచి కిందికి చూశాడు. ఛత్రినాక గల్లీలన్నీ బోనాల డప్పులతో అదిరిపోతున్నాయి.

“ఈ మోతల నేను మైకుల చెప్పేదే నాకు ఇనబడదు. మనసు గట్టిగ కోరుకున్నది చెవికి ఇనొస్తది బిడ్డా. అది తప్పు కాదు. కాని నలుగురికి చెప్పేముందు...”

“నా చెవులు మంచిగనే ఉన్నయి అయ్యగారూ.”

అన్నాడే గాని, అయ్యగారి మాట లోపల ఎక్కడో దిగబడింది. ఈ నెలల్లో ఆమె పిలిచిందనుకుని ఎన్నిసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్లలేదు? వెళ్లిన ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపేది.

“నడువు, పోయి చూద్దాం,” అన్నాడు అయ్యగారు.

ముగ్గురూ దాదాపు పరుగెత్తారు. పక్కింటి రుక్మాబాయి తన వాకిట్లో, కాళ్లకు పసుపుతో, బోనం కుండకు వేపమండలు కడుతున్నది.

“ఏంది వెస్లీ, పండుగ మాది, ఉరుకుడు మీదా?”

“స్వరూప మాట్లాడింది చిన్నమ్మా.”

“మాట్లాడక ఏం జేస్తది? దాని కోసం పోయిన వారమే మైసమ్మకు సాక పోసి మొక్కిన. మీ అయ్యగారికి చెప్పకు,” అని, వెనకే వస్తున్న అయ్యగారిని చూసి నాలుక కరుచుకుంది.

ఆయన నవ్వు ఆపుకున్నాడు. కళావతి మాత్రం, “నూనె రాసింది మేము,” అని గొణిగింది.

ఎవరి వల్ల అయినా వెస్లీకి ఫికరు లేదు. ఇంకొక్కసారి, ఒక్కసారి, అని లోపల అంటూనే ఉన్నాడు. ఎవరితో అంటున్నాడో చూసుకునే తీరిక లేదు.

స్వరూప మంచం అంచున కూర్చుని ఉంది. ఇంతమందిని చూసి లేచి నిలబడింది.

“స్వరూపా, ఏదన్న అను. వీళ్ల ముంగట అను.”

ఆమె పెదవులు కదిలి ఆగాయి. డప్పుల గుంపు ఇంటి ముందు నుంచి దాటుతున్నది. వెస్లీ ఆమె నోటినే చూస్తున్నాడు. అతని భుజం మీద అయ్యగారి చెయ్యి పడింది. అది ఓదార్చడానికి సిద్ధమైన చెయ్యి అని అతనికి అర్థమైంది.

మోత మలుపు తిరిగింది.

“చాయ్ గిట్ట తాగినవా?” అన్నది స్వరూప.

వెస్లీ నవ్వబోయి ఏడ్చాడు. కళావతి స్తోత్రాలు గల్లీ చివరి దాకా వినపడ్డాయి. గుమ్మంలో రుక్మాబాయి రెండు చేతులూ ఎత్తి తన దేవతకు దండం పెట్టింది. అయ్యగారు స్వరూప తల మీద చెయ్యి పెట్టాడు.

“ఇయ్యాల ఆరాధనల నువ్వే సాక్ష్యం చెప్పాలె తల్లీ. దేవుడు నీ గొంతు ఎట్ల తెరిచిండో అందరు ఇనాలె.”

స్వరూప తల దించుకుంది.

“నా గొంతుకేం కాలే అయ్యగారూ.”

భర్త వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నది.

“ఈయన మోకాళ్లూనేదాకా మాట్లాడనని మొక్కుకున్న.”