మంథని దిక్కు ఎట్లుందట?

స్టీఫెన్ అయ్యగారు కొనుగోలు సెంటర్ల ఆరబోసిన దేవసహాయం వడ్ల కుప్పల చెయ్యి జొనిపి నాలుగు గింజలు తీసిండు. ఒకటి నోట్లో వేసుకుని పటుక్కున కొరికిండు.

"ఇంక రెండు ఎండలు పడాలె, దేవసహాయం," అన్నడు.

దేవసహాయం బీరిపోయి చూసిండు. ఆ శుక్రవారం పొద్దుగాలనే కొనుగోలు సెంటర్ కరుణాకర్ తేమ మిషిన్ పెట్టి చూస్తే పంతొమ్మిది చూపెట్టింది. పదిహేడుకు దిగితేనే కాంటా పెట్టి తూకమేసుడు, రెండు ఎండలు కావాలె అని చెప్పిపోయిండు. మిషిన్ చెప్పిన ముచ్చట అయ్యగారి పన్నుకు ఎట్ల తెలిసింది? చర్చికి పాస్టరుగ వచ్చి ఏడాది కాలేదు. బైబిలు తప్ప ఇంకోటి పట్టంగ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"వాతావరణం ఏమంటున్నది?" అడిగిండు అయ్యగారు.

"ఏమంటున్నదో నాకే సమజైతలేదు అయ్యగారూ. టీవీల నాలుగు రోజులు వడగాడ్పులు, నలభై నాలుగు దాటుతది అంటున్నరు. ఫోన్ల చూస్తే ఆదివారం ఉరుములు, గాలిదుమారం అని పెట్టిండ్రు. ఎండకూ ఆరెంజ్ అలర్టే, వానకూ ఆరెంజ్ అలర్టే. ఇది చూసి వడ్ల మీద పరదా కప్పాల్నా, తియ్యాల్నా?"

అయ్యగారు నవ్వలేదు. "మంథని దిక్కు ఎట్లుందట?"

దేవసహాయం తల గోక్కున్నడు. నిన్న కూడా గదే అడిగిండు, మొన్న కూడా గదే. ఊరేమో సుల్తానాబాద్ పక్కపొంటి. నడుమ మంథని ఎందుకు వచ్చింది?

"మంథని ముచ్చట చెప్పలే. ఆదిలాబాద్‌ల మబ్బు పట్టిందట."

"ఆదిలాబాద్‌ల పట్టిందంటే గోదారి దాటి వచ్చుడు ఎంతసేపు," అని అయ్యగారు ఉత్తరం దిక్కు చూసుకుంట నిలబడ్డడు. మళ్ళ యాదికొచ్చినట్టు అన్నడు: "ఆదివారం వాన కోసం ప్రార్థన పెట్టుమని సంఘమంతా అడుగుతున్నది. నువ్వు సంఘపెద్దవు. నువ్వే చెయ్యాలె."

దేవసహాయం వడ్ల దిక్కు చూసిండు. రెండెకరాల పంట ముంగట నేల మీద పరిచి ఉన్నది. "మీరుండంగ నేనేంది అయ్యగారూ?"

"నువ్వైతేనే బాగుంటది."

అయ్యగారు బండి స్టార్ట్ చేసిండు. దేవసహాయం వెంబడి ఉరికిండు. "జర సభలకు వేసే చర్చి నీలం పరదా ఇప్పిస్తరా? నాది నడుమల చినిగింది."

"అది... వాడకంల ఉన్నది," అని అయ్యగారు వెళ్ళిపోయిండు.

ఈ ఎండల ఏం సభలు? ఎవరు వాడుతున్నరు?

ఇంటికి పోయి పెండ్లాం సత్తవ్వకు చెప్పిండు. ఆమె చేటల చింతపండు పిక్కలు తీస్తున్నది.

"వాన అడుగుమంటే అడుగు. ఎందుకు పరేషానైతవు?"

"వాన పడితే వడ్లు మొలకలు వస్తయే."

"పడకపోతే? చర్చి బోరు నీళ్ళు పోస్తలేదు. మన సంఘం మార్తమ్మ నిన్న బస్సు కోసం నిలబడి నిలబడి ఎండకు పడిపోయింది, దవాఖానల సూదులేస్తున్నరు. నీకు వడ్లే కనబడుతున్నయా?"

"రెండూ కనబడుతున్నయే. గందుకే పరేషాను."

"గట్లయితే ఊరి మీద పడుమను, సెంటర్ మీద పడద్దను. తెలివిగల్లోడివి గదా!"

దేవసహాయం మంచం మీద కూసున్నడు. ఒక్కటి తెలిసిపోయింది. అయ్యగారు తన మనసు కనిపెట్టిండు. రోజూ పొద్దుగూకంగ వచ్చి కుప్పల చెయ్యి పెట్టుడు అందుకే. వాన వద్దనుకునే నోటితోనే వాన అడిగిస్తున్నడు. పరదా ఇయ్యనిది కూడా అందుకేనేమో. కానీ మంథని? అది మాత్రం ఎటూ అతకలేదు.

ఆదివారం పొద్దున ఉత్తరాన మబ్బు నల్లగ లేచింది. చర్చిల ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నయి. జనం అట్టముక్కలతో విసురుకుంటున్నరు. మార్తమ్మ కూసునే జాగ ఖాళీగ ఉన్నది. దేవసహాయం లేచి కండ్లు మూసుకున్నడు. వాన అనే మాట నోటి దాకా వచ్చి ఆగింది.

"ప్రభువా," అన్నడు. "మార్తమ్మను నిలబెట్టు. ఇగ వాన... మాకేం కావాల్నో మాకే తెలుస్తలేదు. నీకు తెలుసు. ఎప్పుడు పంపాల్నో అప్పుడే పంపు. మరీ తొందరేం లేదు."

వెనుక ఎవరో కిసుక్కుమన్నరు. సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగ "ఆమెన్" అన్నది అయ్యగారే.

దేవసహాయం ఇంకింత గాబరా పడ్డడు. ఎత్తిపొడుపా, మెచ్చుకోలా?

మధ్యాహ్నం కల్లా మబ్బు ఎటో విరిగిపోయింది. నిప్పులు చెరిగినట్టు ఎండ కొట్టింది. సోమవారం కరుణాకర్ మిషిన్ పెడితే పదహారున్నర వచ్చింది. కాంటా అయింది, బస్తాలు లారీ ఎక్కినయి. మార్తమ్మ కూడా లేచి కూసున్నదని, జావ తాగుతున్నదని కబురొచ్చింది. అయినా దేవసహాయానికి పానం కుదుటపడలేదు. దేవుని ముంగట నిలబడి సంఘాన్ని మోసం చేసినట్టే అనిపించింది. పొద్దుగూకంగ అయ్యగారి ఇంటికి నడిచిండు.

అయ్యగారి భార్య ప్రిస్కిల్లా అమ్మగారు వాకిలి ఊడుస్తున్నది.

"అయ్యగారున్నరా అమ్మగారూ? ఒక తప్పు ఒప్పుకోవాలె."

"ఏం తప్పు?"

"వాన కోసం ప్రార్థన చెయ్యమంటే లోపట వద్దు వద్దనే అనుకున్న. నా వడ్ల కోసం సంఘం నోరు కట్టేసిన. అయ్యగారికి ముందే తెలిసింది. గందుకే నన్ను నిలబెట్టిండు."

అమ్మగారు చీపురు ఆపింది.

"ఆయన లేరు. పొద్దుగాలనే మంథని పోయిండ్రు."

"మంథనా?" దేవసహాయం అక్కడనే నిలబడిపోయిండు. "మంథనిల ఏమున్నదమ్మా?"

అమ్మగారు గల్లీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కడి సెంటర్ల మా వడ్లు కూడా ఆరబోసినం అన్నా."